గడువు దాటినంక వకీలు మాత్రం ఏం జేస్తడు?

మా చిన్నాయన నిరుడు పత్తి అమ్మిండు. కొన్న బేరగాడు నగదు లేదని లక్షా ఎనభై వేలకు చెక్కు రాసిచ్చిండు. బ్యాంకుల ఏస్తే, ఖాతాల పైసల్లేవని వాపస్ వచ్చింది. చిన్నాయన ఆ చెక్కును, బ్యాంకోళ్లిచ్చిన చీటీని మడిచి అంగి జేబుల పెట్టుకొని పెద్దమనుషుల తాన్కి పోయిండు. ‘వచ్చే ఆయితారం కూసుందాం తియ్యి’ అన్నరు. ఇరవై ఆయితారాలు గట్లనే పోయినయ్. ఆఖరికి నేనే బండి మీద ఎక్కించుకొని వకీలు దగ్గరికి తీస్కపోయిన. ఆయన చీటీ మీది తారీఖు చూసి, ‘మొదటి నెలల్నే రావద్దా?’ అన్నడు.

చెక్కు కేసుకు చట్టంల ఒక లెక్కున్నది. చెక్కు వాపస్ వచ్చిందని బ్యాంకు చెప్పినంక 30 రోజుల్లోపు అవతలోనికి నోటీసు పంపాలె. నోటీసు అందినంక పైసలు కట్టనీకి వానికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెల లోపల కోర్టుల ఫిర్యాదు వెయ్యాలె. చిన్నాయనకు ఆ దారి మూసుకపోయింది. మిగిలింది సివిల్ దావా. దానికి 3 ఏండ్ల గడువున్నది గని, ముందుగాల కోర్టు ఫీజు కట్టాలె, తర్వాత ఏండ్లకేండ్లు తిరగాలె.

నేను పెద్దమనుషులను తిడ్తలేను. గట్టు పంచాయితీలు, అన్నదమ్ముల అలకలు ఊర్లె తెగితెనే మంచిది. కానీ పంచాయితీ నడుస్తున్నదని చట్టం గడియారం ఆగదు. ప్రామిసరీ నోటుకు 3 ఏండ్లే. ‘ఇస్తడు తియ్యి, మనోడే’ అనుకుంట నాలుగో ఏడు దాకా ఆగితే ఆ నోటు ఉత్త కాయిదమే.

భూమి సంగతి ఇంకా పెద్దది. వంద రూపాయలు, అంతకన్న ఎక్కువ విలువున్న భూమి కొంటే రిజిస్ట్రేషన్ చేసుకోవాలని చట్టం. మన తాతలు తెల్లకాగితం మీద రాసుకొని దున్నుకున్నరు. 2025ల వచ్చిన భూభారతి చట్టం అసోంటి సాదాబైనామాలకు ఒక దారి ఇచ్చింది. కానీ ఎవరికి? 2014 జూన్ 2 లోపల కొని, 12 ఏండ్ల సంది కబ్జాల ఉండి, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా దరఖాస్తు పెట్టుకున్నోళ్లకు. ఆ నెల రోజులల్ల మీసేవకు పోనోళ్లు బయటనే ఉండిపోయిన్రు. దున్నింది ఒక్కతీరే, పక్కపక్క చెలుకలే. ఫరక్ అంతా ఆ ఒక్క దరఖాస్తుదే.

అట్లని ప్రతిదానికి వకీలు అక్కర లేదు. సర్వే కోసం, పట్టా పేరుల తప్పు కోసం ముందుగాల తాసీల్దార్ కాడ దరఖాస్తు పెట్టొచ్చు. ఠాణాల ఫిర్యాదు ఇయ్యనీకి వకీలుతోని పనిలేదు. ఎస్సై తీసుకోకుంటే ఎస్పీకి పోస్టుల పంపొచ్చు. కన్జ్యూమర్ కమిషన్ల మన కేసు మనమే చెప్పుకోవచ్చు.

కానీ నాలుగు చోట్ల ఒక్కరోజు గూడ ఆగొద్దు. ఒకటి, భూమి కాయిదం మీద సంతకం పెట్టే ముందు. ‘లాంఛనానికే చెల్లె’ అని అన్నలు పెట్టించే హక్కు విడుదల పత్రం గూడ ఇండ్లకే వస్తది. ఒక్క వేలిముద్రతోని ఆడబిడ్డ వాటా పోతది. రెండు, కోర్టు నుంచి సమన్లు వస్తే. తీసుకోకుంటే కేసే ఉండదనుకుంటరు. మనం పోకుంటే అవతలోని మాట మీదనే తీర్పయితది. మూడు, చెక్కు, నోటు అసోంటి గడువున్న పైసల పంచాయితీ. నాలుగు, మనోళ్లను పోలీసులు అరెస్ట్ చేస్తే. ఇగ ఆడపిల్ల మీద అఘాయిత్యం, కులం పేరుతోని దాడి అయితే అసలు ఊరి పంచాయితీకే పెట్టొద్దు. సీదా ఠాణాకే పోవాలె.

‘వకీలుకు పైసలేడియి?’ అంటరు. 1987ల చేసిన న్యాయసేవల చట్టం కింద ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు, జైల్ల ఉన్నోళ్లకు ఆదాయంతోని సంబంధం లేకుండ ఉచితంగ వకీలును ఇయ్యాలె. మిగతా పేదలకు ఆదాయం లెక్క చూస్తరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పోవచ్చు, 15100కు ఫోన్ చెయ్యొచ్చు. రాజీ కావాలంటే లోక్ అదాలత్ ఉన్నది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతోని సమానం, దాని మీద అప్పీలు లేదు. ఊరి పంచాయితీ మాటకు ఆ బలం లేదు. అందుకే అక్కడ గూడ చదివినంకనే సంతకం పెట్టాలె.

ఈ హక్కు మా చిన్నాయనకు ఎవ్వరూ చెప్పలే. గ్రామపంచాయతీ గోడ మీద పథకాల పేర్లు, నాయకుల ఫోటోలు ఉన్నయ్ గని 15100 అని ఒక్క అక్షరం లేదు. సర్కారు రాయాలె, రాసేదాక మనమే రాయాలె. తమ్ముడూ, చెల్లే, మీ ఫోన్ల ఆ నంబర్ సేవ్ చేసుకోండ్రి. ఇంట్ల పెట్టెల ఉన్న చెక్కులు, నోట్లు, తెల్లకాగితాలు ఇయ్యాల్నే బయటికి తీసి తారీఖులు చూడుండ్రి. మా చిన్నాయన లెక్క ఇరవై ఆయితారాలు ఆగకుండ్రి.