ముంగిటి ముగ్గు - బడిలోని లెక్క

ధనుర్మాసము వచ్చినతోడనే, వంశధార సముద్రమును గలియు కళింగపట్నమున ఇండ్ల ముంగిట ముగ్గులు వెలయును. చుక్క తప్పక ముగ్గు తీర్చు బాలికయే బడిలో లెక్కయన్న వెనుదీయుట మనమెఱిగినదే. ఈ లోపము బాలికది గాదు, బోధనాపద్ధతిది.

పండుగ సెలవులకు ముందు ఉపాధ్యాయుడు నల్లబల్లపై, చుక్క క్రింద చుక్క వచ్చునట్లు 1, 3, 5, 7, 5, 3, 1 చొప్పున వరుసలు పెట్టి, వరుసలు కూడకయే మొత్తము చెప్పుడని యడుగవలెను. ఏటవాలుగా జూచినచో అందు రెండు చతురస్రములు పెనవైచుకొని యున్నవి. ఒకటి 16 చుక్కలది, రెండవది 9 చుక్కలది, మొత్తము 25. నడిమి వరుస 9 అయినచో 25, 16 కలసి 41. ఇట్లేల యగునని యడిగిన బాలుడు సూత్రమును తానే కనుగొనును.

ఇట్టి వినోదములచే పాఠములు వెనుకబడునని కొందఱందురు. ఇది వర్గసంఖ్యల పాఠమే గాని వేఱు గాదు. 11వ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలో జెప్పెను. శాస్త్రమును ఇంటి పలుకునకు దెచ్చుట మనకు గ్రొత్తగాదు.

రామానుజుని జన్మదినమైన డిసెంబరు 22, 2012 నుండి జాతీయ గణిత దినోత్సవముగా జరుగుచున్నది. ఆనాటి నుండి సంక్రాంతి వరకు వారమునకొక ముగ్గు చాలును. పాఠశాలాధికారులును గ్రామపెద్దలును దీనికి బూనుకొందురుగాక యని కోరుచున్నాము.