గృహిణీగోష్ఠి: అంతర్జాలమున నొక గడప



గడపకు పసుపు పూసి, బొట్టు పెట్టి, తోరణము కట్టినచో ఆ యింట మనుష్యులున్నారనియు, వచ్చినవారికి ఆదరము కలదనియు దారిని పోవువారికి చెప్పకయే తెలియును. వైద్యమో, న్యాయవాదమో, సంగీతమో, కుట్టుపనియో నేర్చి సొంతముగా వృత్తి సాగించుకొను స్త్రీలకు నేడు రెండు గడపలు గలవు. ఒకటి వీథిలోనిది, రెండవది అంతర్జాలములోనిది. మొదటిదానిని మనము ప్రతిదినము తుడిచి ముగ్గు పెట్టుదుము. రెండవదానిని ఒకమారు కట్టించి మఱచిపోవుదుము. అట్టి మఱపువలన మా కుటుంబముననే యొక కష్టము సంభవించినది. దానిని ఈ మాసమున మీతో చెప్పుకొనదలచితిమి.

మా వదినగారి కుమార్తె పిల్లల వైద్యమున పట్టము పొంది, అనకాపల్లిలో రెండు గదుల యిల్లు అద్దెకు తీసికొని చిన్న వైద్యశాల నారంభించినది. మా యూరు బెల్లపు వర్తకమునకు దేశమంతట పేరుపడినది; 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి జిల్లాకు ముఖ్యపట్టణము కూడ నైనది. చోడవరము, మాడుగుల, కశింకోట మొదలగు చోట్లనుండి జనులు నిత్యము పనులకై వచ్చుచుందురు. అయినను క్రొత్త డాక్టరమ్మ యొకతె యిక్కడ నున్నదని వారికెట్లు తెలియును? పూర్వము మంచి మంత్రసాని పేరు నూతిగట్టునుండి నూతిగట్టునకు ప్రాకెడిది. ఇప్పుడు బిడ్డకు జ్వరము తగిలినచో తల్లి మొట్టమొదట ఫోను చేతబట్టి వెదకుచున్నది. కావున వెబ్‌సైటు పెట్టింపవలయునని అమ్మాయి నిశ్చయించినది.

ఆ పని చేయువా డొకడు దొరికెను. "అత్తయ్యా, ఇంగ్లీషు భాగము నేను చూచుకొందును; తెలుగు మాత్రము మీరే వ్రాసిపెట్టవలెను" అని అమ్మాయి కోరగా మాకు కలిగిన సంతోష మింతంత కాదు. చిన్ననాట మా తండ్రిగారియొద్ద చదివిన ప్రబంధములన్నియు ఇన్నాళ్లకు అక్కఱకు వచ్చినవని యుబ్బితిమి. "శిశురోగ నివారణైక దీక్షావతి" యని మొదలిడి, "పూర్వాహ్ణమున తొమ్మిది మొదలు, అపరాహ్ణమున నాలుగు మొదలు రోగిదర్శనము" అని ముగించితిమి. మావారు బడినుండి వచ్చి చదివి, "గద్యము బాగుగ నున్నది, పద్య మెక్కడ?" అని మాత్రమడిగి యూరకుండిరి. ఆ పరిహాసము మాకప్పుడు బోధపడలేదు.

పేజీ తయారైనది. పైన అమ్మాయి నిలువెత్తు చిత్రము; క్రింద ఏ దేశపు బిడ్డలో తెల్లని పాన్పులపై నవ్వుచున్న చిత్రములు; వానిపై "ఉత్తరాంధ్రమున అగ్రగణ్య వైద్యశాల" యని బంగారు అక్షరములు. వైద్యశాల తెఱచి అప్పటికి నలువది దినములు కాలేదు! అయినను మేమెవ్వరము అభ్యంతరము చెప్పలేదు. అందఱము ఫోనులలో చూచుకొని మురిసితిమి.

వానకాలమున నొక ఆదివారము మధ్యాహ్నము వైద్యశాల ప్రక్కనున్న కిరాణా దుకాణమునుండి మాకు ఫోను వచ్చినది. అమ్మాయి పెండ్లికని విశాఖపట్టణము వెళ్లియున్నది. మా యిల్లు రెండు వీథుల కావలనే కావున మేము పరుగున పోయితిమి. తాళము వేసిన తలుపునకు చేరగిలబడి మాడుగుల ప్రక్క పల్లెనుండి వచ్చిన ముసలమ్మ యొకతె కూర్చుండియున్నది. ఒడిలో రెండేండ్ల మనుమడు జ్వరముతో మూలుగుచున్నాడు. ప్రక్కన పదవతరగతి చదువు మనుమరాలు ఫోను పట్టుకొని నిలుచున్నది.

"తెరిసుందని సెల్లో రాసుంది గదమ్మా, అందుకే బస్సెక్కేసినాం" అని ముసలమ్మ యన్నది. కోపముతో ననలేదు; మాకు తెలియనిది తెలుపుచున్నట్లుగా అన్నది. ఆ పిల్ల మా ముఖము చూచి, "అపరాహ్ణమంటే ఏ టైమండీ?" అని యడిగినది. అమ్మా, భూమి విచ్చినచో అందులో దూరుదుమనిపించినది. వారిని ఆటోలో ఎక్కించుకొని సర్కారు ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. రాత్రికి జ్వరము తగ్గినది. బిడ్డ క్షేమముగా నున్నాడు. కాని ఆ రెండుగంటల కాలమును ముసలమ్మకు తిరిగి యిచ్చువారెవరు?

విచారింపగా తెలిసినదేమనగా, మా పేజీలో ఆదివారము సెలవని యెక్కడను లేదు. పని చేసినవాడు ఫోనులోని పటమున ఏడు దినములును తెఱచియుండునని నింపెను. తప్పు అతనిదొక్కనిదే కాదు. దీక్షావతి యని వ్రాయుటకు మాకు తీరిక దొరకినది గాని, ఆదివారము సెలవని వ్రాయుటకు తోచలేదు.

మన పెద్దలు తమ పనిని లోకమునకు తెలుపుకొనుట యెఱుగనివారు కారు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని సభలలో ఉచితముగా పంచిపెట్టి జనులకు పరిచయము చేసిరని ప్రసిద్ధి. 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను నెలకొల్పిరి. చెన్నపురిలో కేసరికుటీరమను ఔషధశాలను నడపిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో స్త్రీలకై గృహలక్ష్మి మాసపత్రికను వెలువరించిరి. కాని ఇక్కడ నొక భేదము కలదు. మందుసీసా కొన్నవారి యింటికి అది నడచివచ్చును. వైద్యుని విషయమున రోగియే యిల్లు విడిచి, కూలి మానుకొని, బస్సు ఛార్జీ పెట్టుకొని రావలయును. కావున ఆ పేజీకి మొదటి ధర్మము పొగడ్త కాదు, సరియైన త్రోవ చూపుట.

వృత్తినియమములు కూడ నీ మాటనే చెప్పుచున్నవి. రోగులను తమయొద్దకు రప్పించుకొనుటకై వైద్యులు ప్రకటించుకొనరాదని 2002 నాటి భారత వైద్యమండలి నిబంధనలలో నున్నది. బోర్డుపై సొంత చిత్రము వేయించుకొనుట కూడ ఆత్మప్రకటనయే యని అందు గలదు. అయితే వృత్తి మొదలుపెట్టుట, చిరునామా మారుట, తాత్కాలికముగా ఊరలేకుండుట, మరల వచ్చుట, రుసుము ఎంతయో తెలుపుట, ఇట్టివానిని పత్రికలలో ప్రకటింపవచ్చును. చూచితిరా! మేము చేయవలసియు చేయనిది ఏదో ఆ జాబితాలోనే యున్నది. న్యాయవాదులకు వెబ్‌సైటు కలిగియుండుటకు 2008లో బార్ కౌన్సిలు అనుమతించినప్పుడును, పేరు, చిరునామా, నమోదు వివరములు, చదువు, ఏ విషయముల వ్యాజ్యములు చూతురో ఇంతవఱకే వ్రాయవచ్చునని హద్దు పెట్టినది.

మఱునాటి సాయంకాలము అమ్మాయియు, మేమును, మావారును కూర్చుండి మొదటినుండి తిరుగవ్రాసితిమి. అందు తేలిన సంగతులు మీకును పనికివచ్చునని తలచి చెప్పుచున్నాము.

మొదటిది, వచ్చువారు అడుగు ప్రశ్నలకే జవాబు వ్రాయవలెను. డాక్టరు పేరు, చదువు, నమోదు సంఖ్య; ఎన్నేండ్ల పిల్లలను చూచును; రుసుమెంత; బస్సు దిగి యెటు నడవవలెను. "ఉదయం 9 నుండి 12 వరకు, సాయంత్రం 4 నుండి 7 వరకు. ఆదివారం సెలవు." అపరాహ్ణమునకు మేమే స్వహస్తముతో వీడ్కోలిచ్చితిమి. కొత్త అమావాస్యనాడు నూకాంబిక జాతర రద్దీలో వైద్యశాల మూసియుండునని కూడ వ్రాసితిమి. అన్నిటికంటె పైన, బిడ్డకు ప్రాణముమీదికి వచ్చినచో ఇక్కడకు రాక ముందు 108కి ఫోను చేయుడని పెద్ద అక్షరములలో పెట్టితిమి. తాను చేయలేనిది ఇదియని చెప్పుకొను వైద్యునియందు జనులకు నమ్మకము పెరుగును గాని తగ్గదు.

రెండవది, తెలుగును చిత్రముగా అతికింపక అక్షరములుగా టైపు చేయింపవలెను. 1991నుండి యూనికోడులో తెలుగు లిపికి చోటున్నది. అట్లు టైపు చేసిన తెలుగు, వెదకువారికి దొరకును. చదువురాని అవ్వకు ఫోనే పైకి చదివి వినిపించును. బొమ్మలో నిమిడిన అక్షరములను వెదకి పట్టుట కష్టము. ఆ నవ్వు బిడ్డల చిత్రములను తీసివేసితిమి. బరువైన పేజీ సిగ్నలు చాలని కొండదిగువ పల్లెలలో తెఱచుకొనదు.

మూడవది, రోగుల గుట్టు. స్వస్థులైన పిల్లల చిత్రములు పెట్టినచో పేరు వచ్చునని మాకు సలహా చెప్పినవారు గలరు. అనుమతి లేక రోగిని గుర్తింపదగు చిత్రమును ప్రకటింపరాదను నియమ మటుండనిండు. బిడ్డకు అనుమతి యిచ్చు వయస్సే లేదు గదా! నేటి గజ్జి, రేపటి పెండ్లిచూపులవఱకు అంతర్జాలమున నిలిచియుండుట యే తల్లికి సమ్మతము? అపాయింటుమెంటు కాగితమున జబ్బు వివరముల నడుగుట మానితిమి. పేరును ఫోను సంఖ్యయు చాలును. వ్యక్తుల వివరములను కాపాడుటకై 2023లో చట్టము వచ్చినది. అయినను అడుగని రహస్యము జాఱిపోదన్నది చట్టముకంటె పాత నీతి.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. వెబ్‌సైటు చిరునామాను డొమైను పేరందురు. దానిని ఏటేట రుసుము కట్టి నిలుపుకొనవలెను. గడువు దాటి విడిచినచో పరులు తీసికొనవచ్చును. మా అమ్మాయి డొమైను, పని చేసినవాని పేరుననే నమోదై యున్నదని అప్పుడు బయటపడినది. దుర్బుద్ధిచే చేసెనని చెప్పము, అలవాటుచే చేసెను. అయినను దానిని అమ్మాయి పేరునకు మార్పించుటకు మూడు వారములు తిరుగవలసివచ్చినది. కొందఱు సోదరీమణుల చిరునామాలు భర్త పేరునో అన్నదమ్ముల పేరునో యుండును. వారు మంచివారే కావచ్చును, మావారును మంచివారే. కాని స్త్రీధనమునకు ధర్మశాస్త్రములు వేఱుగా లెక్క చెప్పినది, ఇంటివారందఱు చెడ్డవారని కాదు గదా! మీ చదువుతో, మీ చేతిపనితో సంపాదించుకొన్న పేరు మీ స్త్రీధనము. నమోదు మీ పేరున నుండవలెను. పాస్‌వర్డు మీ యొద్ద నుండవలెను. గడువు తేదీ మీ వంటింటి క్యాలెండరుపై నుండవలెను.

పేరు నెన్నుకొనుటలో నొక మాట. ఫోనులో ఒకమారు చెప్పినంతనే ఎదుటివారు తప్పులేకుండ వ్రాసికొనగల పేరు మేలు. ఇంగ్లీషు లిపిలో మన అనకాపల్లి పేరునే కొందఱు చివర 'ఐ' పెట్టియు, కొందఱు 'ఈ' పెట్టియు వ్రాయుచున్నారు. కావున ఊరిపేరు వదలి చిన్న పేరే యుంచుకొంటిమి. తెలుగు లిపిలో '.భారత్' అను కొసతో కూడ చిరునామా పొందవచ్చును.

అంతయు ముగిసినపిదప మాడుగుల ప్రక్క పల్లెలోని ఆ పిల్లకు ఫోను చేసి, "తల్లీ, క్రొత్త పేజీని మీ మామ్మకు పైకి చదివి వినిపించుము, మేము వినుచుందుము" అని కోరితిమి. పిల్ల ఆగినచోట మేము గుర్తు పెట్టుకొంటిమి, ముసలమ్మ "అంటే?" అన్నచోట మాట మార్చితిమి. ఐదు తావుల మార్చవలసివచ్చినది. ఏ పండితుడును మా రచన నింత శ్రద్ధతో దిద్దలేదు.

ఇప్పుడు ప్రతి మాసము మొదటి దినమున, క్యాలెండరు పుట త్రిప్పునప్పుడు, వేళలు, సెలవులు, ఫోను సంఖ్య సరిగా నున్నవో లేవో పేజీలోను పటములోను చూచుట మా పనిగా పెట్టుకొంటిమి. పది నిమిషములు పట్టును. మీలో నెవరికైన నిట్టి గడప యున్నచో, ఈ పత్రిక ముగించి ప్రక్కన బెట్టకముందే ఫోను తీసి, పరాయివారివలె దానిని వెదకి చూడుడు. తలుపు తెఱచియున్నదని వ్రాసియున్నచో, లోపల మీరుండవలయును సుమా.