చిన్న టార్చిలైటును ఎట్లు పరీక్షింపవలెను?

టార్చిలైటు కొనువారు అంగడిలో మొట్టమొదట డబ్బామీది అంకెను చూతురు. అయిదువందల ల్యూమెనులా, వేయి ల్యూమెనులా యని అడుగుదురు. పెద్ద అంకె గలదానిని పుచ్చుకొని సంతోషముతో ఇంటికి పోవుదురు. ఈ పద్ధతి సరియైనది కాదని మా యభిప్రాయము. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి టార్చిలైటు విలాసవస్తువు కాదు. రాత్రివేళ కరెంటు వచ్చిననాడు బోరుమోటారు వేయుటకును, చీనీతోటలో నీరు పాఱుచున్నదో లేదో చూచుటకును, ఆఖరుబస్సు దిగి పల్లెకు నడచుటకును అది కావలయును. ఆ దారులలో కట్లపాములును రక్తపింజరలును ఉండును. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన సగటున ఏటికి 58,000 మంది మరణించిరనియు, అందు అధికభాగము పల్లెవాసులే యనియు 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. ఆ మరణములలో సగము జూను మొదలు సెప్టెంబరు వఱకు గల వానకాలముననే సంభవించినవట. కావున ఏ దీపము మంచిదను ప్రశ్న పిల్లల ఆటవస్తువును గూర్చిన ప్రశ్న కాదు.

చేతిదీపము పుట్టి నూఱేండ్లు దాటినది. 1899లో డేవిడ్ మిసెల్ అనునతడు అమెరికాలో దానికి పేటెంటు పొందెను. ఆ కాలపు సెల్లులు బలహీనములగుటచే దీపమును ఎడతెగక వెలిగించుటకు వీలులేక, క్షణకాలము మెఱపించి ఆర్పుచుండిరి. ఫ్లాష్‌లైటను పేరు అందుచేతనే వచ్చినదందురు. మన తాతల పెట్టెలలోని టార్చిలు తీగ కాలి వెలుగు బల్బుతో పనిచేసినవి. అందు సెల్లుల శక్తి చాలభాగము వేడిగా పోయెడిది. ఎల్‌ఇడి వచ్చినపిమ్మట ఆ నష్టము మిక్కిలి తగ్గినది. నీలికాంతి నిచ్చు ఎల్‌ఇడిని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా యను ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ నీలికాంతిపై పసుపుపచ్చని పొడిపూత వేసి తెల్లని వెలుతురు పుట్టింతురు.

ఈ వ్యాసమునకై ప్రొద్దుటూరి అంగడిలో ఒక చిన్న టార్చిలైటును కొని కొన్ని వారములు వాడి చూచితిమి. దానిని చేసినవారి పేరు చెప్పము. ఇట్టివి పలు పేర్లతో అమ్ముడగుచున్నవి. ఒడలు అల్యూమినియముతో చేయబడినది. మరలు బిగువుగానున్నవి. మూత సందున రబ్బరు వలయ మున్నది. బకెట్టునీటిలో ముంచి తీసితిమి. లోనికి చెమ్మ చేరలేదు. నడుమెత్తు నుండి బండపై పడినను సొట్టయే గాని చెడలేదు. కట్టుబడి విషయమున మాకు ఫిర్యాదు లేదు.

చిక్కు వెలుతురు విషయమున వచ్చినది. డబ్బామీద వేయి ల్యూమెనులనియు, అయిదుగంటలు వెలుగుననియు అచ్చువేసియుండెను. ఈ రెండును ఒక్కమాఱు నిజము కానేరవు. మన పైతరగతుల బాలురు లెక్కవేసి చూడవచ్చును. లోపలి లిథియము సెల్లు 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గలది, 3.6 వోల్టులు, 2.6 ఆంపియరు-గంటలు. రెంటిని గుణించిన 9.4 వాట్టు-గంటలు వచ్చును. వాట్టుకు నూఱు ల్యూమెనులిచ్చు ఎల్‌ఇడి యనుకొన్నను, వేయి ల్యూమెనులకు పదివాట్టులు వలయును. అనగా ఒక గంట పూర్తికాకమునుపే సెల్లు వట్టిపోవలెను. మఱి అయిదుగంట లెక్కడివి? టార్చిలైట్లకు అమెరికాలో 2009లో ఏర్పఱచిన కొలతల పద్ధతి యొకటి గలదు. దాని ప్రకారము వెలుగు మొదటిదానిలో పదవవంతునకు దిగువఱకు పట్టినకాలమంతయు దీపము వెలిగిన కాలముగనే లెక్క. అంకె అబద్ధము కాదు. కాని కొనువాడు తలంచిన యర్థము దానికి లేదు.

ఇంకొక సంగతి. దీపము ఎంత చిన్నదైన వేడి నంత త్వరగా దాచుకొనలేకపోవును. పెద్దవెలుగు పెట్టిన కొలదినిమిషములకే ఒడలు చేతికి సురసురలాడెను. లోపలి యంత్రాంగము తనంతట తానే వెలుగును తగ్గించెను. అది తప్పుగాదు. తగ్గింపనిచో ఎల్‌ఇడియు సెల్లును చెడును. కాని మన మండువేసవిలో ఈ తగ్గుట మఱింత శీఘ్రముగా జరుగును. జేబులో ఇముడు చిన్నతనమును, నిలకడగల పెద్దవెలుగును ఒక్కదానియందు కోరుట గొంతెమ్మకోరికయే.

దూరమును గూర్చియు కొంత చెప్పవలసియున్నది. డబ్బా రెండువందల మీటర్లని పలికెను. జమ్మలమడుగునకు సమీపమున గండికోటలో పెన్నాలోయ అంచున, చీకటిపడినపిమ్మట, ఎదుటి కొండగోడపై వెలుగు వేసి చూచితిమి. గోడ యున్నదని తెలిసెనే గాని చెట్టేదో రాయేదో తెలియలేదు. కారణము సులభము. ఆ కొలత పద్ధతిలో దూరమనగా వెలుగు పున్నమివెన్నెలంత, అనగా 0.25 లక్సు, మిగులుచోటు. పదివేల కాండెలాల దీపము రెండువందల మీటర్లలో అంతియే ఇచ్చును. ఇరువది మీటర్లలో ఇరువదియైదు లక్సు లిచ్చును. దూరము రెట్టింపు కావలెనన్న కాండెలాలు నాలుగింతలు కావలయును. గట్టుమీద నడచువానికి పదియడుగుల దూరములోని గడ్డియే ముఖ్యము. అతనికి సన్నని బాణమువంటి వెలుగుకన్న పాదములచుట్టు పఱచుకొను వెలుగే మేలు.

రంగును ఎవరును అడుగరు. చౌకదీపములలో వెలుగు నీలిఛాయగా నుండి ఎఱుపు తక్కువగును. ఎఱ్ఱనేలమీద గోధుమరంగు రక్తపింజర అట్టి వెలుగులో నేలతో కలసిపోవును. కొంచెము పసుపుఛాయ గల వెలుగు అంకెలో తక్కువైనను కంటికి ఎక్కువ చూపును.

మీటను గూర్చి మాకు కోపమే వచ్చినది. ఒకమాఱు నొక్కిన పెద్దవెలుగు, రెండవమాఱు చిన్నవెలుగు, మూడవమాఱు కన్నులు చెదరునట్లు టపటపలాడు వెలుగు. తడిచేతులతో మడవ కట్టుచున్న రైతు చిన్నవెలుగు కోరి నొక్కగా తిరునాళ్ల దీపము ప్రత్యక్షమగును! ఈ ఆర్భాటము ఎవరికొఱకో మాకు బోధపడలేదు.

సెల్‌ఫోనులోనే దీపమున్నదిగదా, వేఱొకటి యేల యని పిల్లలందురు. గది వెదకుటకు అది చాలును. పొలముగట్టుమీద చాలదు. దాని వెలుగు దూరము పోదు. పైగా ఆపదలో 108కి పిలువవలసిన ఫోను దీపముగా కాలి చల్లారిపోవుట మంచిది కాదు.

కావున తల్లిదండ్రులకు మేము చెప్పునది ఇది. వేయి ల్యూమెనుల నడుగకుడు. నూఱు ల్యూమెనులు ఎన్నిగంటలు నిలుచునో అడుగుడు. పైన చెప్పిన సెల్లుతోనే అది లెక్కకు తొమ్మిదిగంటలు, అనగా ఒక రాత్రి. మూత విప్పి సెల్లు మార్చుకొను వీలున్నదానినే కొనుడు. అంతయు అతికి మూసినవి సెల్లు చచ్చిననాడు చెత్తకుప్పకే పోవును. సెల్లును రేకులకప్పు క్రింద ఎండవేడిమిలో ఉంచకుడు. మేము కొన్న దీపమునకు చిన్నవెలుగు బాగుగనున్నది, సెల్లు మార్చవచ్చును. మీట యొక్కటి మంచిదైయుండినచో నిస్సంకోచముగా సిఫారసు చేసియుందుము.

పదవతరగతి విద్యార్థు లెవరైనను తమ యింటి టార్చిలైటును తెల్లగోడ కెదురుగా నిలిపి, ఫోనులోని లక్సు కొలమానముతో పదినిమిషముల కొకమాఱు వెలుగును గుర్తించి గ్రాఫు గీయవచ్చును. అట్టి గ్రాఫులను, డబ్బామీది అంకెలతో సహా, మాకు పంపినచో వచ్చుసంవత్సరపు సంచికలో ప్రచురించెదము.