నంద్యాల నాలుకకి మార్కులేసేదెవరు?

తెలుగులో బీరు గురించి రాయడం మొదలైంది. మంచిదే. సినిమాల గురించి, బిర్యానీ గురించి రాసుకున్నట్టే దీని గురించీ రాసుకోవచ్చు. నా గొడవ రాస్తున్నందుకు కాదు, రాస్తున్న తీరుతో. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక మైక్రోబ్రూవరీలో కూర్చుంటారు. వంద మిల్లీలీటర్ల గ్లాసులు ఆరు వరసగా పెట్టుకుంటారు. ఒక్కోదానికి ఫోన్లో 3.75 అనో 4.25 అనో నొక్కి, కింద నాలుగు ఇంగ్లిష్ విశేషణాలు తెలుగు లిపిలో దించుతారు. చివర్లో ఒక నిట్టూర్పు: మన ఊళ్లలో ఇంకా స్ట్రాంగ్ బీరే తాగుతున్నారు, వాళ్లకి రుచి ఎప్పుడు తెలుస్తుందో అని.

ఆ 'మన ఊళ్లు' అన్నచోట నాకు మండుతుంది. మాది ఆళ్లగడ్డ, ఇంటర్ చదివింది నంద్యాలలో. ఆ నిట్టూర్పు నా మేనత్త కొడుకు గురించి, నా క్లాస్‌మేట్ల గురించి.

ముందు ఈ మార్కులెక్కడివో చూద్దాం. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల పోటీలకి జడ్జిల్ని తయారుచెయ్యడానికి 1985లో బీజేసీపీ అనే సంస్థ పుట్టింది. వాళ్ల షీటు యాభై మార్కులకి. వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకి 5, మొత్తంమీద అభిప్రాయానికి 10. నాకు ఆ షీటంటే గౌరవమే. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి, స్పెసిఫికేషన్ విలువ తెలుసు. కానీ ఆ షీటు అడిగే ప్రశ్న 'ఇది బావుందా' అని కాదు. 'ఏ స్టైలని చెప్పుకుని పోటీకొచ్చిందో ఆ స్టైలుకి ఎంత దగ్గరగా ఉంది' అని. ఎంత గొప్ప స్టౌట్‌నైనా పిల్స్‌నర్ విభాగంలో పెడితే తప్పుతుంది. అది టెస్టింగ్. టెస్ట్ రిపోర్టుని తెచ్చి సాహిత్య విమర్శలాగా మన ముందు పెట్టడమే మోసం.

ఆ స్టైళ్లేమన్నా వేదాలా అంటే, అదీ కాదు. మైకేల్ జాక్సన్ (డాన్సులాయన కాదు, ఇంగ్లండ్ జర్నలిస్టు) 1977లో 'ది వరల్డ్ గైడ్ టు బీర్' రాశాడు. ఊరూరూ తిరిగి, అక్కడ కాచేదాన్ని, తాగేవాళ్లని చూసి, ఇది ఒక రకం, అది ఒక రకం అని పేర్చాడు. అంటే ముందు ఊరు, తర్వాత స్టైలు. మనవాళ్లు దాన్ని తిరగేశారు. స్టైలు ముందు పెట్టుకుని, అందులో ఇమడని ఊరికి రుచి లేదంటున్నారు.

బీజేసీపీ 2021 పుస్తకంలో 'ఇంటర్నేషనల్ పేల్ లాగర్' అని ఒక గది ఉంది. మన మామూలు బీర్లు పడాల్సింది అందులోనే. దానికి ఆల్కహాల్ హద్దు 4.5 నుంచి 6 శాతం. మన స్ట్రాంగ్ బీరు లేబుల్ మీద ఉండేది 8 శాతం దాకా. దేశంలో అమ్ముడయ్యే బీరులో సింహభాగం స్ట్రాంగే. ఇన్ని కోట్లమంది తాగేది ఆ గదిలో పట్టదు. అప్పుడు తప్పు నాలుకదా, గదిదా?

స్ట్రాంగ్ ఎందుకు తాగుతారో కూడా లెక్కేద్దాం. చాలా రాష్ట్రాల్లో బీరు మీద పన్ను ఆల్కహాల్ శాతానికి దామాషాగా పడదు. మైల్డయినా స్ట్రాంగయినా సీసా ధరలో పెద్ద తేడా ఉండదు. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. బ్రూవరీలో 330 మిల్లీలీటర్ల గ్లాసు, 5 శాతం విట్‌బీర్ అంటే 16.5. మూడు గ్లాసులు దాటితేగానీ ఒక సీసా కాదు. మొన్న మా బిల్లులో ఒక్కో గ్లాసు నాలుగొందలకి దగ్గరపడింది. రోజు కూలికి పోయేవాడు ఏది కొంటాడో తేల్చడానికి నక్షత్రాలు అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. దానికితోడు ఆంధ్రాలో 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా దుకాణాలు ప్రభుత్వానివే. అడిగింది కాదు, ఉన్నది తీసుకుపోవాలి. ఐదేళ్లు ఏరుకునే వీల్లేని మనిషికి ఎంపిక రాదని వెక్కిరించడం ఏం సంస్కారం?

వాతావరణం సంగతి చెప్పనే అక్కర్లేదు. మే నెలలో నంద్యాల 44 డిగ్రీలు దాటితే అక్కడెవరికీ అది వార్త కాదు. చల్లదనం ముదిరేకొద్దీ నాలుక మొద్దుబారుతుంది, రుచి తెలియదు. నిజమే. ఆ ఎండలో పడి వచ్చినవాడికి కావాల్సింది ఆ మొద్దుబారడమే. దాన్ని ఏ కాలమ్‌లో వేస్తారు?

ఇక నాలుక సంగతి. మా బావ (మేనత్త కొడుకన్నది ఈయన్నే, మా అక్క మొగుడు) ఆళ్లగడ్డ నుంచి ఏదో పనిమీద హైదరాబాద్ వస్తే ఒక బ్రూవరీకి తీసుకుపోయాను. ఏ గ్లాసులో ఏముందో చెప్పలేదు. హెఫెవైజెన్ ఒక గుక్క తాగి, "ఇదేంది బా, మాగిన అరటిపండులో లవంగం గుచ్చినట్టుండాది" అన్నాడు. పుస్తకంలో ఉన్నది అక్షరాలా అదే. అందులో లవంగమూ వెయ్యరు, అరటిపండూ వెయ్యరు. ఆ ఈస్టు పులియబెట్టేటప్పుడు పుట్టించే ఐసోఅమైల్ ఎసిటేట్‌ది అరటిపండు వాసన, ఫోర్ వినైల్ గ్వయకాల్‌ది లవంగం వాసన. విట్‌బీర్ తాగి ధనియాలన్నాడు. దాంట్లో ధనియాలు నిజంగానే వేస్తారు, నారింజ తొక్కతో పాటు. ఐపీఏ వాసన చూసి "మామిడికాయ తొడిమె తుంచితే కారే జీడి" అన్నాడు. స్టౌట్‌కి "పెనం మీద మాడిన జొన్నరొట్టె." ఇన్నేళ్లలో నేను చదివిన తెలుగు బీరు రివ్యూలు వేటిలోనూ ఆ జీడి అన్న మాటంత కచ్చితమైన మాట కనబడలేదు. ఆ రివ్యూల్లో అదే వాసనకి 'రెసినస్' అని ఉంటుంది. చదివి ఎవరి ముక్కుకీ ఏమీ తగలదు.

తెలుగులో మాటల్లేవని దయచేసి అనకండి. వగరు, కసరు, పసరు, జీడి, చిరుచేదు, కమ్మదనం, అడుగంటిన వాసన, పొగచూరిన వాసన. ఇన్ని ఉన్నాయి. లేనిది వాడే ధైర్యం. 'రోస్టీ' అంటే రుచి తెలిసినవాడు, 'మాడిన రొట్టె' అంటే పల్లెటూరోడు. ఇంతే కదా తేడా?

రకాలు వేరుచేసి చెప్పడం కూడా మనకి కొత్త కాదు. తాటికల్లులో పోతుతాటిది వేరు, పండుతాటిది వేరు. ఈతకల్లు పొద్దున దించినప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపెక్కుతుంది, సాయంత్రానికి ఘాటు. ఏ చెట్టు, ఏ కాలం, దించి ఎన్ని గంటలైందన్నది గీసే ఈడిగకి తెలుసు. తాగేవాడికీ తెలుసు. బెల్జియంవాళ్లు గాలిలోని ఈస్టుతో లాంబిక్ పులియబెడితే దానికి నాలుగున్నర నక్షత్రాలు. గాలిలోని ఈస్టుతోనే పులిసే మన కల్లుకి ఆ పక్కన పేరు కూడా ఉండదు. కల్లులో మత్తుమందులు కలిపే దందా ఉంది, దాన్ని తిట్టాల్సిందే. కానీ అసలు కల్లుని చిన్నచూపు చూస్తే కల్తీ కల్లే మిగులుతుంది.

ఐపీఏలో మొదటి అక్షరం ఇండియా అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఇండియా ఎవరిది? కంపెనీ దొరల కోసం ఓడల్లో వచ్చిన బీరది. ఆ బీరు జోరుగా వస్తున్న కాలంలోనే, 1846లో, ఆళ్లగడ్డకి దగ్గర్లోని కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దొరల ఖజానా మీద పడ్డాడు. సీసా మీద మన పేరుంది కాబట్టి అది మన వారసత్వమని మురిసిపోవడం నాకు చేతకాదు.

అసలు మన నేలమీద తిండికి రేటింగులు ఇవ్వడం శ్రీనాథుడి నాటిదే అనుకోవచ్చు. పల్నాటి జొన్నకూడు మీద ఆయన పేరిట ఉన్న చాటువులు ఒక్క నక్షత్రం రివ్యూలే. ఇప్పుడు అదే జొన్న హైదరాబాద్‌లో హెల్త్ ఫుడ్. నక్షత్రాలు ఎంత నిలకడైనవో దీన్నిబట్టే తెలుస్తోంది. ఆన్‌లైన్ నక్షత్రాల కథ ఇంకా పచ్చిగా ఉంది. 2000లో మొదలైన రేట్‌బీర్‌లో వాటాని ఏబీ ఇన్‌బెవ్ అనే ప్రపంచంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ తన అనుబంధ సంస్థ ద్వారా కొన్నది. ఆ సంగతి 2017లో గానీ బయటికి రాలేదు. తర్వాత మొత్తం కొనేశారు. 2025 ఫిబ్రవరిలో మూసేశారు. పాతికేళ్లపాటు జనం ఊరికే రాసిపెట్టిన మార్కులు ఎవరి ఆస్తి అయ్యాయో చూడండి.

తాగుడు గురించి అసలు రాయకూడదనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతోనూ నాకు పేచీయే, కానీ వాళ్ల మాటలో బరువుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి, 1997లో అది సడలింది. ఆ చరిత్ర ఉన్న భాషలో సీసా గురించి రాస్తూ, ఆ సీసా వెనక ఇల్లుందని గుర్తుచెయ్యకుండా 4.25 అని ఊరుకోవడం కుదరదు. మా అక్క ఈ వ్యాసం సంగతి విని, "రాసేది రాయి గానీ అబ్బీ, ఎంతయిందో అది గూడ రాయి" అంది. నేను చూసిన ఏ స్కోరు షీటులోనూ ధరకి కాలమ్ లేదు.

ఇంకొక్కటి. నంద్యాలలో 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. జొన్న, కొర్ర రకాల మీద అక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. 1988లో నైజీరియా బార్లీ మాల్ట్ దిగుమతిని ఆపేస్తే అక్కడి బ్రూవరీలు జొన్నకి మళ్లాయి, గిన్నిస్‌తో సహా. కష్టమైన పనే. జొన్న పిండిపదార్థం ఉడకడానికి బార్లీకన్నా ఎక్కువ వేడి కావాలి, పిండిని చక్కెరగా విరిచే ఎంజైములు తక్కువ. అయినా చేశారు. మన బ్రూవరీలు జర్మనీ మాల్టు, అమెరికా హాప్సు తెప్పించుకుని, బోర్డు మీద లోకల్ అని రాసుకుంటున్నాయి. అది చూసి నక్షత్రాలిచ్చే మిత్రుల్ని అడుగుతున్నా: నల్లరేగడిలో పండిన జొన్నతో కాచిన గ్లాసొకటి రేపు మీ ముందుకొస్తే, దాన్ని ఏ స్టైలు కింద వేస్తారు?