మా ఊరి పిల్ల

సొంత సరుకు కరువైనప్పుడు గొప్పలు చెప్పుకోవడానికి ఊరి సరుకు అక్కరకు వస్తుంది. మేనమామగారు తాసీల్దారు కావడంలోనూ, మన వీధిలో ఒకప్పుడు ఒక మహాకవి అద్దెకుండడంలోనూ మన ప్రయోజకత్వం వీసమెత్తు లేకపోయినా, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు దానంతటదే ఒక మెట్టు పైకి లేస్తుంది. కాలేజీలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ జబ్బు లేదని అనలేను. అయితే నాది వంశపారంపర్యం. ముదిరినది మాత్రం మా నాన్నగారికి.

మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస. రైలు దిగవలసిన స్టేషను పేరు మాత్రం ‘శ్రీకాకుళం రోడ్డు’. అంటే మేము ఒక ఊరు కాదు, పక్క ఊరికి పోయే దారి అన్నమాట! ఇటువంటి ఊరికి 2000వ సంవత్సరం సెప్టెంబరు 19, మంగళవారంనాడు ఒక పేరు వచ్చింది. మా ఊరిని ఆనుకుని ఉన్న ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి ఆనాడు సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కంచు పతకం గెలుచుకుంది. ఆడవాళ్ళకు బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదలు. ఒలింపిక్ పతకం తెచ్చిన భారతీయ స్త్రీలలోనూ ఆమే మొదలు. ఆ ఏడు దేశం మొత్తానికి దక్కిన పతకం కూడా ఆ ఒక్కటే. ఆనాటినుంచి మా ఊరివాళ్ళం ఎక్కడికి పోయినా, ‘మీదే ఊరు?’ అని అడిగినవారికి ఊరిపేరు చెప్పడం మానుకున్నాము. ‘మల్లీశ్వరి ఊరు’ అంటాము.

మొన్న వేసవిలో నాన్నగారు పెరట్లో నూతిచప్టా మీద కాలుజారి పడ్డారు. ఎనభయ్యో ఏట తొంటి దగ్గర ఎముక విరిగింది. విశాఖపట్నం తీసుకుపోయి ఆపరేషను చేయించాము. పగళ్ళు అన్నయ్య వంతు, రాత్రులు నా వంతు.

ఆసుపత్రి రాత్రి సంగతి అనుభవించినవారికి వేరే చెప్పనక్కరలేదు. తొమ్మిదింటికి పెద్ద దీపాలు ఆర్పేస్తారు. అక్కడినుంచి గడియారం నడవడం మాని పాకడం మొదలుపెడుతుంది. కాస్త కునుకు పట్టేసరికి ఎవరో మూలుగుతారు. మన మంచమా, పక్క మంచమా అని ఉలిక్కిపడి లేస్తాము. పక్క మంచమైతే ‘అమ్మయ్య’ అనుకుంటాము. అలా అనుకున్నందుకు మరుక్షణం సిగ్గుపడతాము.

మా పక్క మంచంలో నర్సీపట్నం వైపు రైతు ఒకాయన ఉన్నారు. ఆయనకూ నిద్ర రాదు. రెండోనాటి రాత్రి, “మీదే ఊరు బాబూ?” అన్నారు. అంతే! అంతవరకూ నీళ్ళు మింగడానికి ఓపిక లేని నాన్నగారు తలగడ ఎత్తుగా పెట్టమన్నారు.

నాన్నగారు మా ఊరి చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా పనిచేశారు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది గాని, ఆయన కాటా మాత్రం నేటికీ మూతపడలేదు. లోకంలో దేన్నయినా తూచిగాని మాట్లాడరు.

“మొదటి పద్ధతిలో 110, రెండోదాంట్లో 130. మొత్తం 240 కిలోలండీ! 130 అంటే ఏమనుకున్నారు? క్వింటాలు పంచదార బస్తా, దానిమీద మరో 30 కిలోల మూట. బస్తా అయితే వీపున వేసుకోవచ్చు. ఇది రెండు చేతులతో నెత్తిమీదికి లేపాలి. లేపితే అయిపోలేదు. కాళ్ళూ చేతులూ కదలకుండా నిలబడాలి. వాళ్ళు దించమని సైగ చేసేదాకా దించకూడదు. తొందరపడి దించితే ఎత్తినదంతా వృథా.”

“బంగారం ఎలా తప్పిపోయింది బాబూ?”

“ఆఖరుసారి 137న్నరకు వెళ్ళింది. అది నిలవలేదు. బంగారం, వెండి వచ్చిన వాళ్ళిద్దరూ ఎత్తింది 242న్నర. రెండున్నర కిలోలండీ తేడా! చెరుకుబండి మీద అదెంత, రెండు గడలు! రైతు ముఖం చూసి వదిలేసేవాణ్ణి.”

రైతుగారు నవ్వారు. నాన్నగారు నవ్వబోయి, నొప్పితో ఆగిపోయారు. ఆ రాత్రి ఇద్దరికీ సుఖంగా గడిచింది.

ఆ మరునాటినుంచి కథ పెరగడం మొదలుపెట్టింది. మొదట ‘మా ఊరి పిల్ల’ అన్నారు. తరువాత ‘మా కళ్ళముందు పెరిగిన పిల్ల’ అయింది. నాలుగోనాటికి ‘మా పిల్ల’ అయింది. ఆ మాటతో నాకు నిద్ర ఎగిరిపోయింది.

నాకు పదేళ్ళప్పటి సంగతి. నీలంశెట్టి అప్పన్నగారు ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పుతున్న రోజులవి. మల్లీశ్వరి అప్పుడు పన్నెండు పదమూడేళ్ళ పిల్ల. తండ్రి రైల్వే రక్షకదళంలో కానిస్టేబులు. తల్లి పూనుకుని పిల్లలను అటు పంపింది. అక్కచెల్లెళ్ళు కూడా బరువులెత్తినవాళ్ళే. నేను సాయంత్రం వేళ కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా పెట్టి, ఇనపకడ్డీని ఒంటికి దగ్గరగా పట్టుకుని పైకి లేవడం ఆ పిల్లలను చూస్తే ఎంతో తేలికగా కనిపించేది. ఇంటికి వచ్చి చీపురుకట్టతో అలాగే చేసేదాన్ని.

ఒకనాడు ధైర్యం చేసి, నేనూ వెళతానని నాన్నగారిని అడిగాను. ఆయన కోప్పడలేదు, నవ్వారు. “మగరాయుడివవుతావా? రేపు నిన్నెవరు చేసుకుంటారే?” అన్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది గాని ఏమీ అనలేదు. మరునాటినుంచి నేను బడినుంచి వేరే వీధిన ఇంటికి వచ్చేదాన్ని.

నన్ను ఎమ్మే దాకా చదివించినవారు ఆయనే. ఆ ఋణం కాదనను. వెళ్ళి ఉంటే పతకం తెచ్చేదాన్ననీ అనను. పట్టుమని పది రోజులకే చేతులు బొబ్బలెక్కి మానేసేదాన్నేమో! కాని పన్నెండేళ్ళ తరువాత పతకం వచ్చిననాడు వీధి వీధంతా తిరిగి మిఠాయి పంచినవారిలో నాన్నగారు ముందున్నారు. నేనూ పక్కనే నడిచాను, పళ్ళెం పట్టుకుని.

అయిదోనాటి రాత్రి రెండు గంటలకు నాన్నగారు మంచంలో కిందికి జారిపోయారు. ఆపరేషను చేసిన కాలు మెలిపడుతుందేమోనని భయం. ఆ వేళకు నర్సమ్మ ఒక్కతే ఉంది. “మీరొక చెయ్యి వేయగలరా?” అంది. ఆయన కింద పరచిన దుప్పటి అంచులు చెరొకవైపు పట్టుకున్నాము. “నడుం వంచకండమ్మా, మోకాళ్ళు...” అని చెప్పబోయి ఆగింది. నేనప్పటికే మోకాళ్ళు వంచి ఉన్నాను. మూడు లెక్కపెట్టి లేపాము. నాన్నగారి తల తిరిగి తలగడ మీదికి చేరింది. ఒకప్పుడు నన్ను భుజాన వేసుకుని తీర్థానికి తీసుకువెళ్ళిన మనిషి. ఇప్పుడు అరవై కిలోలుండరు.

“ఇదివరకు ఎక్కడైనా నేర్చుకున్నారా?” అంది నర్సమ్మ.

“కిటికీలోంచి చూశాను” అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావలసినవారికి అయింది.

ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు నాన్నగారు పైకప్పు వంక చూస్తూ పడుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

“నువ్వొకసారి అడిగావు కదూ?”

“అడిగాను.”

“లోకం ఏమంటుందోనని భయపడ్డానమ్మా.” కొంచెం ఆగి, “వాళ్ళమ్మా ఆ లోకంలోనే ఉంది కదా!” అన్నారు.

ఎన్నో ఏళ్ళుగా ఈ మాటకు జవాబులు సిద్ధం చేసుకున్నదాన్ని, ఆ క్షణాన ఒక్కటీ జ్ఞాపకం రాలేదు. నీళ్ళు కావాలా అని అడిగి, చెంచాతో పోశాను.

మరునాడు రైతుగారి అల్లుడు చూడవచ్చాడు. మామగారు అతనిని కూచోబెట్టి, “మా అల్లుడికి కూడా ఆ కథ చెప్పండి బాబూ” అన్నారు. నాన్నగారు చెప్పారు. అంకెలు ఒక్క కిలో తేడా రాలేదు. 110, 130, 240 అలాగే ఉన్నాయి. ముగింపు మాత్రం మారింది.

“ఇందులో మా ఊరు చేసిందేముందండీ? చూసింది. కొందరు నవ్వారు కూడా. నవ్వినవాళ్ళలో నేనొకణ్ణి. వాళ్ళమ్మ పంపింది, అప్పన్నగారు నేర్పారు, ఆ పిల్ల ఎత్తింది. పతకం వచ్చాక మేమందరం మిఠాయి తిన్నాం.”

ఈసారి గొంతు మెట్టు పైకి లేవలేదు. అయినా ఆ కథ నాకు ఇదివరకటికన్న గొప్పగా వినిపించింది. ఖాళీబండి బరువు తీసేస్తేగాని చెరుకు బరువు తెలియదని నాన్నగారే అంటూండేవారు. ఊరి గొప్ప చెప్పుకోవడం తప్పని నేననను. నేను మానుకోబోవడమూ లేదు. కాని ఆ గొప్పలో మన బండి బరువెంతో ముందుగా తీసివేయడం న్యాయం. ఈనాడు మన వీధిలో ఏ పిల్ల ఏమడుగుతోందో, మనం నవ్వి ఊరుకుంటున్నామో, అది కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఎనిమిదోనాడు నాన్నగారిని వాకరు పట్టించి నిలబెట్టారు. వ్యాయామం చేయించే అమ్మాయికి పాతికేళ్ళుండవు. “కదలకుండా నిలబడండి తాతగారూ” అని చెప్పి, చేతిలో కాగితం మీద ఏదో రాసుకోవడంలో పడింది. నాన్నగారి చేతులు వణుకుతున్నాయి. నుదుట చెమట పట్టింది. నేను పట్టుకోబోతే కళ్ళతోనే వారించారు. చివరికి ఆ అమ్మాయి తలెత్తి, “అయ్యో, చాలండీ, కూచోండి” అంది.

కూచున్నారు. ఆయాసం తగ్గాక నావైపు తిరిగారు.

“చూశావా? సైగ వచ్చేదాకా దించలేదు.”