రెక్కల పడవ

మా కాకుమాను ప్రాంతమున కొమ్మమూరు కాలువ గట్టు వెంట ఒకనాటి సాయంకాలము నడచుచుండగా, ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమడు ఒక ప్రశ్న వేసెను. "తాతయ్యా! స్వీడన్ దేశములో నీటికి పైగా లేచి పరుగెత్తు పడవ కలదట. అది మన కాలువలో నడువదా?" నడువదని చెప్పబోయి ఆగితిని. ప్రశ్న మంచిది. ఒక్క మాటతో త్రోసివేయదగినది కాదు.

వాడు చెప్పిన పడవ నిజముగానే కలదు. 2024లో స్టాక్‌హోం నగరమున ముప్పదిమంది ప్రయాణికులను ఎక్కించుకొని, విద్యుత్తుతో, గంటకు 46 కిలోమీటర్ల వేగమున అది నడువసాగినది. ఇట్టి పడవను హైడ్రోఫాయిల్ అందురు. మామూలు పడవ నీటిని చీల్చుకొని పోవలెను. వేగము పెరిగినకొలది నీటి అడ్డగింపు మిక్కిలిగా పెరుగును. ఇంజను శక్తిలో పెద్దభాగము అలలు లేపుటకే వ్యయమగును. ఈ పడవకు అడుగున, నీటిలో మునిగి, విమానపు రెక్కలవంటి పలకలుండును. వేగము రెట్టింపయినచో రెక్క ఎత్తు బలము నాలుగు రెట్లగును. నీరు గాలికంటె దాదాపు ఎనిమిదివందల రెట్లు సాంద్రమైనది గనుక చిన్న రెక్కలే చాలును. తగిన వేగము రాగానే పడవ శరీరమంతయు నీటినుండి పైకి లేచును.

ఇది నేటి వింత కాదు. ఇటలీ దేశీయుడు ఫోర్లానీని 1906లోనే మజ్జోరె సరస్సుపై ఇట్టి పడవను నడిపెను. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్, ఆయన సహచరుడు బాల్డ్విన్ నిర్మించిన పడవ 1919లో గంటకు 114 కిలోమీటర్ల వేగమును అందుకొన్నది. ప్రయాణికులకొఱకు వోల్గా నదిపై రష్యావారి 'రాకెటా' 1957లో బయలుదేరినది. మనకు కృష్ణపై ప్రకాశం బ్యారేజి సిద్ధమైన సంవత్సరమును అదియే. వారు నదిపై రెక్కలు విప్పినప్పుడు మనము నదికి ఆనకట్ట కట్టుకొంటిమి. అందు తప్పేమియు లేదు. మనకు ముందు అన్నము కావలసియుండెను.

ఇక రెండు శరీరములుగల పడవను కటమరాన్ అందురు. ఆ మాట తమిళుల కట్టుమరమునుండి ఇంగ్లీషువారికి పోయినది. రెండు పడవలపై బల్లలు పఱచి కట్టిన బల్లకట్టును ఎఱిగిన మనకు ఈ రూపము క్రొత్త కాదు. రెక్కను ఈ రెండు శరీరముల నడుమ దూలమువలె అడ్డముగా బిగింపవచ్చును. అప్పుడది ప్రక్కలకు పొడుచుకొని రాదు. రేవునకు ఆనించినప్పుడు దెబ్బ తినదు. పైన విశాలమైన చోటు దొరకును. పడవ ఒరగుటయు తక్కువ.

ఇంత మంచి పడవ మన కాలువకేల పనికిరాదు? 2008లో ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గములో కొమ్మమూరు కాలువ వంతు 113 కిలోమీటర్లు. రెక్కల పడవ గాలిలోనికి లేచిన తరువాత చిన్న అలలనే లేపును. నిజమే. కాని లేవబోవు ముందు, ముక్కు ఎత్తుకొని నీటిని త్రోయునప్పుడు, పెద్ద అలలే లేచును. లాకు వచ్చినప్పుడెల్ల దిగవలెను, మరల లేవవలెను. ఆ అలలు ప్రతిసారి మట్టిగట్టును కొట్టును. గట్టు తెగినచో వేగముగా వచ్చునది ప్రయాణికుడు కాదు, పొలములోనికి నీరు. పైగా గుఱ్ఱపుడెక్క రెక్కలకు చుట్టుకొనును. మెడవఱకు మునిగిన గేదె, అడుగున వచ్చు రెక్కను చూడనే చూడదు. వేసవిలో కాలువను కట్టివేసిన పిదప పడవను గట్టుమీద పెట్టుకొని చూచుకొనవలసినదే! నా బాల్యమున ఈ గట్టుమీద మనుష్యులు త్రాడుతో పడవలను లాగుచు నడచుట చూచితిని. ఈ కాలువకు వేగము అక్కఱలేదు, పూడికతీత కావలెను. సరకులు మోయు నిదానపు పడవలకు అది చాలును.

కృష్ణ సంగతి వేఱు. బ్యారేజికి ఎగువన నీరు విశాలముగా నిలిచియుండును. విజయవాడనుండి ముక్త్యాలవఱకు జలమార్గము 82 కిలోమీటర్లు. అచ్చట జంట శరీరముల రెక్కల పడవను మన ఇంజనీర్లే రూపొందింపవలెనని నా అభిప్రాయము. విదేశపు నమూనాను తెచ్చి దింపిన చాలదు. ఇసుక మేటలు తగిలినప్పుడు రెక్క పైకి మడుచుకొనవలెను. జాలరుల వలలు ఎచ్చట నుండునో వారినే అడిగి దారి గీయవలెను.

అన్నిటికంటె బరువు ముఖ్యము. లెక్కకు మించి జనమెక్కినచో ఈ పడవ లేవనే లేవదు. "ఇంకొకరికి చోటున్నది" అను మన అలవాటు దీనియెడ సాగదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము వద్ద పవిత్ర సంగమ సమీపమున పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మునిగి చనిపోయిరి. ఆ పడవలో పరిమితికి మించి జనమెక్కిరి. కావున రూపకర్త రెక్క గీయుటకు ముందు రేవులో తూకపు బల్లను, ప్రతి ఆసనముపై తేలుడు చొక్కాను గీయవలెను. ఖర్చు పెరుగునందురు. పెరగనిండు.

నా మనుమడు ఇదంతయు విని, నోటుపుస్తకములో రెండు పడవలను గీసి నడుమ రెక్క పెట్టినాడు. గేదె ఎచ్చటరా అని అడిగితిని. కాలువ బొమ్మలో గీసినాడట. ఇది కృష్ణ బొమ్మ.