బతికున్న చేపకే బేరం

బజారులో చేప కొనేటప్పుడు మనం ముందు ఏం చేస్తాం? మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తాం. కన్ను లోపలికి పోయిందా, వేలితో నొక్కితే గుంట పడుతోందా అని పరీక్షిస్తాం. అన్నీ అయ్యాక "నిన్నటిది కదూ!" అంటూ ధర సగానికి అడుగుతాం. అదే కొరమీను తొట్టిలో తోక కొడుతూ కనిపించిందనుకోండి, మారు మాట్లాడకుండా డబ్బులిచ్చేస్తాం. ఈ రెండు బేరాల మధ్య తేడా ఎవరి కొంగు ముడిలోంచి పోతోందో నేను అరకు వైపు వచ్చాకే గమనించాను.

మావారి ఉద్యోగం వల్ల ఈ కొండల్లో కాపురం పెట్టి ఆరేళ్లయింది. ఇక్కడ సముద్రం లేదు గానీ నీళ్లకు కొదవ లేదు. ముంచింగిపుట్టు అవతల, ఆంధ్రా ఒడిశాల సరిహద్దులో జోలాపుట్టు జలాశయం ఉంది. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి నీళ్లు ఇక్కడివే. ఆ నదే కిందికి దిగి సీలేరవుతుంది. అప్పట్లో పొలాలు మునిగిన గిరిజనుల మనవలు కొందరు ఇప్పుడు ఆ నీళ్ల మీదే వలలేసుకుని బతుకుతున్నారు.

మగవాళ్లు చీకటితోనే నాటు పడవ మీద వెళ్లి వలలు తీస్తారు. దొరికిన చేప పడవ అడుగున పడి ఉంటుంది. ఒడ్డుకొచ్చేసరికి ఎండెక్కుతుంది. అక్కణ్ణించి ఆడవాళ్ల వంతు. గంపకెత్తుకుని నడవాలి, జీపు కోసం కాచుకోవాలి, సంత చేరాలి. దారిలో ఐసు ముక్క దొరికే చోటుండదు. సంతలో ఒకామె నాతో అంది: "పొద్దున్నయితే నేను చెప్పిన రేటమ్మా, పొద్దెక్కితే మీరు చెప్పిన రేటే."

అందుకే నేననేదేమిటంటే, పడవలో చేపకి ఓ నీళ్ల తొట్టి ఉండాలి. ఇది విని మావారు నవ్వారు, "చేపకి ఫస్టు క్లాసు బెర్తా?" అని. నవ్వితే నవ్వారు గానీ ఇదేం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో 18వ శతాబ్దంలోనే పడవ మధ్యలో నీటి గది కట్టి, అడుగున చిల్లులు పెట్టి, సముద్రపు చేపను బతికుండగానే రేవుకు తెచ్చేవారు. మన నాటు పడవకు చిల్లులు పెడితే మాత్రం చేపతో పాటు మనమూ నీళ్లలోనే! పాత ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోస్తే చాలు. పైన వల ముక్క బిగించాలి, లేకపోతే కొరమీను ఎగిరి దూకేస్తుంది. దాని మీద తడి గోనెపట్టా కప్పాలి.

ఆ గోనెపట్టా సోకు కోసం కాదు. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. మైదానం లెక్క ప్రకారం 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఎత్తుకు పోయేకొద్దీ ఇంకాస్త తక్కువ. పైగా చేపల మలినంతో నీరు విషమవుతుంది. కాబట్టి మధ్యమధ్యలో కొంత నీరు తోడేసి, కొత్త నీళ్లు చెంబుతో ఎత్తు నుంచి, మనం టీ తిరగబోసినట్టు పోయాలి. గాలి కలుస్తుంది. కొరమీను, మార్పు లాంటివి పైకొచ్చి గాలి మింగుతాయి కనుక వాటికి డ్రమ్ము అంచు దాకా నింపకూడదు. బొచ్చె, శీలావతి సుకుమారాలు, వాటిని కుక్కితే ఒడ్డు చేరవు. చచ్చినదాన్ని వెంటనే తీసేయాలి.

ఇక్కడే ఓ భయముంది. 50 లీటర్ల నీళ్లంటే 50 కిలోల బరువు, అదీ అటూ ఇటూ ఊగే బరువు. 2021 మే నెలలో సీలేరు జలాశయంలో నాటు పడవలు మునిగి, ఇళ్లకు తిరిగెళ్తున్న వలస కూలీలు, వాళ్ల పిల్లలు చనిపోయారు. చేప ప్రాణం కోసం మనిషి ప్రాణం మీదికి తెచ్చుకోమని ఎవరంటారు? సన్నటి పడవైతే డ్రమ్ము జోలికే పోవద్దు. వెదురు బుట్టకు మూత కట్టి, పడవ పక్కన నీళ్లలోనే వేలాడదీసి మెల్లగా తెడ్డు వేసుకు రావచ్చు. బరువూ ఉండదు, నీళ్లూ తోడక్కర్లేదు. బుట్టలల్లే చేతులు ఈ ఊళ్లలో లేకనా!

నాకు కోపం తెప్పించేది మరొకటుంది. 2020లో కేంద్రం తెచ్చిన మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ అన్నారు. ఐసు పెట్టె బిగించిన మోటారు సైకిలుంది, బతికిన చేపలమ్మే కేంద్రముంది. బాగానే ఉంది. కానీ కొండ మీద ఆ కేంద్రం దాకా చేప బతికి రావాలి కదా! వల తీసిన చోటు నుంచి ఒడ్డు దాకా, ఒడ్డు నుంచి రోడ్డు దాకా ఉన్న ఆ మూడు నాలుగు గంటల సంగతి ఎవరికి పట్టింది? పడవ, వల మగవాళ్ల సామానుగా లెక్కకొస్తాయి. గంప మాత్రం ఆడదాని నెత్తి మీదిది గనుక లెక్కలోకి రాదు.

పడవలిచ్చే అధికారులు పనిలో పనిగా ఓ మూత డ్రమ్మో, నాలుగు వెదురు బుట్టలో ఇస్తే ఖజానా ఏం ఖాళీ అయిపోదు. ఏ కొలత బాగుంటుందని మాత్రం ఆఫీసులో కూర్చుని తేల్చకండి. ఒడ్డున గంపలతో కాచుకుని ఉన్న ఆడవాళ్లను అడగండి. ఏ చేప ఎంతసేపు ఆగుతుందో, జీపు ఎన్నింటికి వస్తుందో వాళ్లే చెబుతారు.